తీసేసిన పేరు మీద వచ్చిన రిపోర్టు

ఈ విషయం మా ఆఫీసులో ఎవరికి చెప్పినా పట్టించుకోలేదు. మేనేజర్ గారికి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మళ్ళీ పెడితే బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆఫీసు గ్రూపులో రాస్తే, నా మెసేజ్ కింద ఎవరో పుట్టినరోజు కేకు ఫొటో పెట్టారు. అందరూ కేకుకి శుభాకాంక్షలు చెప్పారు. నన్ను అడిగినవాళ్ళు లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు శ్మశానం పక్క రోడ్డులోనే సైకిల్ తొక్కుకుంటూ ట్యూషన్‌కి వెళ్ళేవాణ్ణి. ప్రింటర్ దానంతట అదే కాగితం ఇచ్చిందని ఎవరైనా కంగారుపడితే, "ఎవరో నొక్కి ఉంటారు, చూడండి" అని చెప్పే ఉద్యోగం నాది. చాలాసార్లు ఆ మాటే నిజమయ్యేది కూడా.

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో కంప్యూటర్లు చూస్తాను. పెద్ద ఆఫీసు అమలాపురంలో ఉంది. రాజోలు, ముమ్మిడివరంలో బ్రాంచీలు. రిపోర్టులన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. ఎవరైనా తమ పేరుతో లాగిన్ అయి ప్రింట్ నొక్కితే, ఆ పేరుకి ఏ ప్రింటర్ రాసి పెట్టి ఉందో దాంట్లోంచి కాగితం వస్తుంది. ఏ పేరుకి ఏ ప్రింటరో రాసేది నేనొక్కణ్ణే.

మావాళ్ళకొక అలవాటు ఉంది. ఒక మనిషి మానేస్తే, కొత్తగా వచ్చినవాళ్ళకి కొత్త పేరు అడగరు. పాత మనిషి పేరూ పాస్‌వర్డూ చేతిలో పెట్టి కూర్చోబెట్టేస్తారు. వద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నాను.

రాజోలు బ్రాంచిలో సత్యానందం గారని టెక్నీషియన్ ఉండేవారు. నా మెయిళ్ళకి జవాబిచ్చిన మనిషి మా కంపెనీ మొత్తంలో ఆయనొక్కరే. "ఆయ్, మీరు చెప్పింది నిజమేనండి. ఎవరి పేరు వాళ్ళకుండాలండి" అని ఫోన్ చేసి మరీ చెప్పారు.

పోయిన వానాకాలంలో ఆయన ఒక చెరువులోకి దిగి సీసాలో నీళ్ళు పడుతున్నారు. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ వైరు ఎక్కడో దెబ్బతిని ఉంది. కరెంటు కొట్టి అక్కడే పోయారు. చర్చిలో పెట్టె పక్కన నేను నిలబడ్డాను. సమాధిలో గుప్పెడు మట్టి వేశాను. కాబట్టి ఆయన పోయారనడంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఆ కుర్చీలోకి జ్యోతి అనే అమ్మాయి వచ్చింది. అలవాటు ప్రకారం ఆయన పేరుతోనే కూర్చోబెట్టారు. "పరీక్షించినవారు: సత్యానందం" అనే రిపోర్టులు వెళ్తూనే ఉన్నాయి. ఒక రైతు నాకు ఫోన్ చేసి, "ఏవండీ, మట్టిచేసిన మనిషి లేచొచ్చి మా నీళ్ళు చూసేడా?" అన్నాడు.

మేనేజర్ మూర్తి గారి దగ్గరికి వెళ్ళాను.

"ఉండనియ్యండి మాస్టారూ. రైతులకి ఆ పేరంటే గురి. ఆ పేరేమన్నా మీ క్యారేజీలో అన్నం తినేస్తందా?" అన్నారు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

పట్టుబట్టి జ్యోతికి వేరే పేరు ఇప్పించాను. సత్యానందం గారి పేరు, దానికి రాసి ఉన్న ప్రింటరు, రెండూ నా చేత్తోనే తీసేశాను.

ఈ ఏడాది వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం. భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటున్నాను. బయట ముసురు. ఎదురు బల్లల దగ్గర మనుషులున్నారు. నా బల్ల మీది చిన్న ప్రింటరు కదిలింది.

అది పాతది. ఒక్క తీగతో నా కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. బ్రాంచీల్లో ఎవరికీ అది కనబడదు. ఏ పేరుకీ నేను దాన్ని రాయలేదు.

వచ్చిన కాగితం మా నీటి పరీక్ష రిపోర్టే. రైతు పేరు దగ్గర మా తమ్ముడు శ్రీను పేరు ఉంది. వాడు రాజోలు అవతల చెరువు లీజుకు తీసుకుని రొయ్యలు వేశాడు. అంకెలు ఉండాల్సిన గళ్ళన్నీ ఖాళీ. సూచన దగ్గర మాత్రం ఒక్క మాట ఉంది: "నీళ్ళలోకి దిగవద్దు." కింద, పరీక్షించినవారు: సత్యానందం.

సూచనలు ఎవరికి వారు రాసేవి కావు. సున్నం చల్లండి, నీరు మార్చండి, మేత తగ్గించండి, ఇలా ముందే పెట్టినవాటిలోంచి ఎంచుకోవాలి. ఆ జాబితా తయారు చేసింది నేనే. అందులో ఈ మాట లేదు.

ఎవడో నాతో ఆడుకుంటున్నాడనుకున్నాను. ఒళ్ళు మండింది. కానీ కాగితం పట్టుకున్న వేళ్ళకి చల్లగా తగిలింది. కింది అంచు తడిగా ఉంది. కిటికీలు మూసే ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. శ్రీనుకి ఫోన్ చేశాను.

చాలాసేపు మోగింది. ఎత్తాడు, ఆయాసపడుతున్నాడు.

"ఏంటన్నయ్యా, ఇవాళెవరి మీద కంప్లైంటు?"

"ఎక్కడున్నావురా?"

"గట్టు మీద. ఏరేటర్ ఒరిగిపోతే సరిచేద్దామని నీళ్ళలోకి దిగేను. కరెంటు లేదులే. నువ్వు ఆపకుండా కొడతంటే ఎవరికేమయ్యిందోనని పైకొచ్చేను."

"మళ్ళీ దిగకు."

"ఎందుకూ? సగం పనిలో..."

మాట ఆగిపోయింది. ఫోన్‌లో ఏరేటర్ తిరిగిన చప్పుడు వినబడింది. కరెంటు వచ్చింది. శ్రీనూ, శ్రీనూ అని అరిచాను.

తర్వాత చిన్నగా అన్నాడు. "అన్నయ్యా... నేను నిలబడ్డ చోటే పాము తేలింది. తెల్లటి పొట్ట పైకొచ్చింది. కదలట్లేదు."

చెరువు దగ్గర పనిచేసే మనిషి చేత మెయిన్ స్విచ్ ఆపించి, వీడియో కాల్‌లో వైరు చూపించాడు. నీళ్ళలో మునిగి ఉన్నచోట పైతోలు చీలిపోయి ఉంది.

అప్పుడు రాజోలు బ్రాంచికి ఫోన్ చేశాను. నువ్వు నొక్కావా అని జ్యోతిని అడిగాను.

"లేదండీ! పొద్దుట్నుంచీ ఇక్కడ కరెంటే లేదండి, ఇప్పుడే వచ్చింది. సిస్టమింకా ఆన్ చెయ్యలేదండి. ఏవైందండీ?"

తర్వాత చెప్తానని పెట్టేశాను.

ఎవరు, ఏ కంప్యూటర్ నుంచి ప్రింట్ నొక్కారో మా డేటాబేస్‌లో నమోదవుతుంది. చూశాను. పేరు సత్యానందం. కంప్యూటర్ దగ్గర ఖాళీ. సెట్టింగుల జాబితా తెరిస్తే, నేను తీసేసిన ఆ పేరు అక్కడుంది. ఎదురుగా, ఆయన బతికుండగా ఎన్నడూ లేని ప్రింటరు. నా బల్ల మీదిది.

వెంటనే మళ్ళీ తీసేశాను. మర్నాడు వచ్చేసరికి అక్కడే ఉంది. ఆ తర్వాత తీసే ధైర్యం చేయలేదు. ఆ కాగితం ఆరాక అంచు పొడుగునా, రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు ఆరినట్టు, తెల్లగా చార కట్టింది. మూర్తి గారికి చూపిస్తే, "సాంబారు ఒలికి ఉంటది మాస్టారూ" అన్నారు.

ఇప్పుడు రాయడానికి కారణం వేరే. ఇకమీదట రిపోర్టులన్నీ నేరుగా రైతుల ఫోన్లకే వెళ్తాయట. పాత పేర్లూ ప్రింటర్లూ అన్నీ తుడిచెయ్యమని నాకే చెప్పారు. ఈసారి డేటాబేసే కొత్తది. తుడిచేస్తే ఆ పేరు తిరిగి రావడానికి చోటు ఉండదు.

మా తమ్ముడు ఇప్పటికీ ఆ చెరువులోనే దిగుతున్నాడు. కౌలు గడువు ఇంకా ఉంది, మానమంటే మానడు. నాకేమో ఏ ప్రింటరు కదిలినా గుండె ఆగినంత పనవుతోంది. ఆ బల్ల దగ్గర ఒంటరిగా కూర్చోలేకపోతున్నాను. అయినా రోజూ వెళ్ళగానే ట్రేలో కాగితాలున్నాయో లేదో చూస్తున్నాను. ఇదేమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మూర్తి గారూ, ఆ పేరు తియ్యాలా, ఉంచాలా? మీ చేత్తో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. బొటనవేలు నాకొద్దు.

మీరూ చెప్పకపోతే అడగడానికి ఇంకొకరే మిగిలారు. సత్యానందం గారూ, నా మాటకి ఎప్పుడూ జవాబిచ్చింది మీరొక్కరే. ట్రేలో కాగితం పెట్టే ఉంచాను. తీసెయ్యమంటారా, ఉండనిమ్మంటారా, చెప్పండి.

కానీ పగలే చెప్పండి. నేనొక్కణ్ణే ఉన్నప్పుడు మాత్రం వద్దండి.