మడతల పిన్ని పెట్టిన గడువు

ఆ వీధిలో ఆమెను అందరూ మడతల పిన్ని అనేవారు. ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా మడత విప్పాలంటే మనసొప్పదని మగవాళ్ళు కూడా ఒప్పుకునేవారు. అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఒక బల్ల, దాని మీద పాత దుప్పటి, ఇస్త్రీపెట్టె, రెండు స్టూళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అదే ఆమె కొట్టు. ఇస్త్రీ చేసేముందు జేబులు తడమడం ఆమెకు అలవాటు. పెన్నులు, పిన్నీసులు, ఒకసారి ఓ పెద్దాయన కట్టుడుపళ్ళు కూడా దొరికాయి.

ఒక బుధవారం మధ్యాహ్నం మూడో అంతస్తు అమ్మాయి యూనిఫాం జేబులో వేలెడంత నున్నటి గొట్టం దొరికింది. పెన్నేమో అనుకుంది. పాళీ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు వాసన. పక్కనున్న మందుల షాపాయనకు చూపించింది.

"ఇది వేప్ పిన్నీ. సిగరెట్టుకి చెల్లెలు. పొగాకు కంపు కొట్టదు కాబట్టి ఇంట్లోవాళ్ళకి తెలీదు. ఎవరిది?"

"దారిలో దొరికింది."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆమెకే భయమేసింది. పాత అలవాటు మరి. తమ్ముడు పదిహేనో ఏట స్నేహితులతో మందు రుచి మరిగాడు. నాన్న చూడకముందే వాడి చొక్కాలు ఉతికిందీ, నోట్లో లవంగం కుక్కిందీ, "తలనొప్పిగా ఉందని పడుకున్నాడు నాన్నా" అని చెప్పిందీ ఆమే. వాణ్ణి కాపాడుతున్నాననుకుంది. ముప్పై మూడేళ్ళకే కాలేయం చెడిపోయి వాడు పోయాడు.

సాయంత్రం బట్టల కోసం వచ్చిన అమ్మాయి, బల్ల మీది గొట్టం చూసి పాలిపోయింది.

"అమ్మకి చెప్పకు పిన్నీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువుగాని, ముందు కూర్చో."

కూర్చుని, గోళ్ళు కొరుక్కుంటూ చెప్పింది. స్కూలు బాత్‌రూంలో స్నేహితురాలు ఇచ్చిందట. "ఒక్కసారే అంది. వద్దంటే నవ్వుతారని పీల్చాను. ఇప్పుడు రెండు పీరియడ్లు కూడా ఆగలేకపోతున్నా. చేతులు ఊరుకోవు. లెక్కలు బుర్రకెక్కవు."

తల్లి ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. అందాకా ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే.

పిన్ని తన తమ్ముడి సంగతి దాచకుండా చెప్పింది. "నేను నోరు విప్పుంటే నాన్న కోప్పడేవాడు. కోపం నాలుగు రోజులుంటుంది, పోతుంది. ఆదివారం దాకా చూస్తానమ్మా. నువ్వే చెప్పు, నేను పక్కనుంటా. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. బెదిరింపు కాదు, ముందే చెబుతున్నానంతే."

"మా ఇంటి గొడవ నీకెందుకు!" అని బట్టలు లాక్కుని వెళ్ళిపోయింది అమ్మాయి.

మూడు రోజులు కొట్టు వైపు తలెత్తి చూడలేదు. పిల్ల ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని పిన్నికి బెంగ పట్టుకుంది. పదిసార్లు మూడో అంతస్తు బాల్కనీ వైపు చూసింది. ఆ ధ్యాసలో ఎవరిదో దుప్పటి కాల్చేసింది కూడా.

ఆదివారం పొద్దున అమ్మాయే దిగొచ్చింది. "రా పిన్నీ," అంది, అంతే.

తలుపు తీసిన తల్లి ఇద్దరి మొహాలూ చూసి, "ఏ చీర కాల్చావు పిన్నీ?" అని నవ్వింది. అమ్మాయి నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేసింది. తల్లి చెయ్యి పైకి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. నేల మీద చతికిలబడి, "రోజంతా ఊళ్ళోవాళ్ళ రక్తాలు చూస్తానే నేను. నా పిల్లకేమైందో నాకే తెలీలేదే," అని ఏడ్చింది. అమ్మాయి వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. పిన్ని వంటింట్లోంచి మంచినీళ్ళు తెచ్చిపెట్టి, చప్పుడు చెయ్యకుండా దిగివచ్చింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మధ్యలో తడబడి మళ్ళీ పీల్చినా అరవొద్దని, ఒంటరిగా మాత్రం వదలొద్దని ఆయన చెప్పాడు. తల్లి వారానికి రెండు రోజులు పొద్దుటి డ్యూటీకి మార్పించుకుంది. మిగతా రోజులు అమ్మాయి స్కూలు నుంచి నేరుగా కొట్టుకే వచ్చి, స్టూలు మీద పుస్తకం తెరిచేది. మొదటి వారం ముట్టుకుంటే కస్సుమనేది. ఒకరోజు రుమాలు మడత వంకరగా ఉందని పిన్నితోనే పోట్లాట పెట్టుకుంది. "నా మడతకే వంక పెట్టావా! నీకు నయమవుతున్నట్టే," అంది పిన్ని. రెండుసార్లు ఆగలేక మళ్ళీ పీల్చింది. రెండుసార్లూ తనే వచ్చి చెప్పి ఏడ్చింది. "చెప్పావుగా, రేపట్నుంచి మళ్ళీ మొదలుపెడదాం," అని తల నిమిరేది పిన్ని.

పరీక్షల్లో లెక్కలు ఎలాగో గట్టెక్కాయి. గొట్టం ఊసు లేక ఐదు నెలలైంది.

ఒక సాయంత్రం అమ్మాయి ఇంకో పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నాకు మొదట ఇచ్చింది ఇదే పిన్నీ. ఇప్పుడు మానాలంటోంది. వాళ్ళ నాన్నకి చెప్పాలంటే భయమట."

ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. ఈ పిల్ల మీదేగా ఇన్నాళ్ళూ తనకు కోపం, అనుకుంది పిన్ని. చూస్తే తన భుజం దాకా కూడా రాదు. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, రెండో స్టూలు ముందుకు జరిపింది.

"మీ నాన్న ఇంట్లో ఎప్పుడుంటాడు తల్లీ?" అని అడిగింది.