ముత్తాతను పట్టుకున్న రూల్

ఆఫీస్ పాంట్రీలో ఎవరో పాప్‌కార్న్ మాడ్చారు. ఆ వాసన తగలగానే వసుంధరగారు గుర్తొచ్చారు. శాంటా క్లారాలో నా మొదటి బాస్. రోజూ పాప్‌కార్న్ పెట్టడం, మాటల్లో పడి మాడ్చడం, ఆనక మైక్రోవేవ్‌ని తిట్టడం! విశాఖలో లా చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన మనిషి.

నెట్‌లో టెర్రరిస్టుల ఖాతాలను పసిగట్టి మూసేసే ప్రోగ్రామ్ తయారుచేయడం మా పని. ప్రభుత్వం మీద హింసకు దిగి భయం పుట్టించేవాడు టెర్రరిస్టు అని రూల్ రాసి ఆవిడకి గొప్పగా చూపించాను. "బానే ఉందోయ్. ముందు మీ ముత్తాతని పెట్టి టెస్ట్ చెయ్," అన్నారు. మా ముత్తాత తెల్లవాళ్ల కాలంలో రైలు పట్టాలు పీకి జైలుకెళ్లినవాడు. ఆయన వివరాలు ఎక్కించానో లేదో, ప్రోగ్రామ్ ఆయన్ని టెర్రరిస్టని తేల్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నవ్వలేదు. "రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఫ్రాన్స్‌లో వేరే దేశపు రాజుని కాల్చి చంపారు. ఆ తర్వాత చాలా దేశాలు జెనీవాలో కూర్చుని టెర్రరిజాన్ని నిషేధిస్తూ ఒప్పందం రాసుకున్నాయి. సంతకాలు బోలెడు. చివరికి ఆమోదించింది ఒక్క దేశమే. ఏది, చెప్పు?"

"అమెరికానా?"

"మన ఇండియా! అంటే, అప్పుడు మనల్ని ఏలుతున్న దొరలు. వాళ్ల లెక్కలో టెర్రరిస్టు ఎవరనుకున్నావ్? అదృష్టం, అది అమల్లోకే రాలేదు."

రూల్ మార్చేదాకా సైన్-ఆఫ్, అంటే ప్రోగ్రామ్‌ని వాడుకలోకి వదలడానికి తన ఆమోదం, ఇవ్వనన్నారు. ఆవిడది హెచ్-వన్ వీసా. ఉద్యోగం పోయి ఇంకోటి త్వరగా దొరక్కపోతే, కూతురి చదువు మధ్యలో ఆపి దేశం వదలాలి. మీటింగ్‌లో డైరెక్టర్ కిరణ్ విసుక్కున్నాడు. "వసుంధరగారూ, లా క్లాస్ ఆపండి ప్లీజ్. ఈ టెర్రరిస్టులు మీ ఇంట్లో ఎవర్నైనా చంపుంటే ఇలాగే మాట్లాడేవారా?"

ఆవిడ లాప్‌టాప్ మూసి కిరణ్ వైపు తిరిగారు. "మా తమ్ముడు బస్టాండ్‌లో బాంబు పేలి పోయాడండీ. చంపినవాడు దొరకాలి నాకు. వాడి బదులు ఇంకొకడు కాదు."

ఆవిడ చివరిదాకా సైన్-ఆఫ్ ఇవ్వలేదు. ఉద్యోగం పోయింది. డల్లాస్‌లో ఆవిడకి ఇంకోటి దొరికేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఈ వారం మళ్లీ అలాంటి రూలే వచ్చింది. నా గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు, పిల్లాడు స్కూల్లో ఉన్నాడు. ఆవిడకి భయమంటే తెలీదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ రోజు ఇవ్వనని ఎంత భయపడుతూ అన్నారో నాకిప్పుడు తెలుస్తోంది. ఇందాక మీటింగ్‌లో సైన్-ఆఫ్ అడిగారు. "ఇవ్వనండీ," అన్నాను. ఎవరికీ వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.