కళ్లు మూసుకుని అన్న మాట

ఒక మనిషిని సంఘానికి దూరం చేయడానికి నాకు ఒక్క ప్రార్థన సరిపోయింది. పేరుమోసిన పాస్టర్లకు కూడా ఇంత సులువుగా ఆ పని తెమలదు.

మాది గోదావరిఖనిలో బట్టల దుకాణం. గిరాకీ మొహం చూసి నోరు తెరవాలని మా నాన్న నేర్పాడు. ఎర్ర చీర నప్పని మనిషితో ఆ ముక్క అనను. "అక్కా, గా నీలం ఒకపారి భుజం మీద ఏస్కొని చూడు" అంటాను. అబద్ధం ఆడినట్టు కాదు, ఆమె మనసూ చిన్నబోదు. ఇంత నేర్పు నాకు దుకాణంలో మాత్రమే ఉంటుందని ఆలస్యంగా తెలిసింది.

శుక్రవారం సాయంత్రాలు మా ప్రార్థన కూటం సెంటినరీ కాలనీలో, బొగ్గుబాయిలో పనిచేసే మా సంఘంలోని ఒక తమ్ముడి క్వార్టర్‌లో జరిగేది. తాగుడు మానేశానని అతను అందరి ముందు సాక్ష్యం చెప్పి ఆరు నెలలైంది. ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగి వచ్చి, వైన్స్ పక్కన నిలబడి తాగుతూ నా కంటపడ్డాడు. నన్ను చూసి గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. నేను చూడనట్టు బండి పోనిచ్చాను.

ఆ శుక్రవారం ముగింపు ప్రార్థన నాకిచ్చారు. ప్రార్థనలో ఎవరిని ఏమన్నా మధ్యలో అడ్డు చెప్పేవాడు ఉండడు. అంతకన్నా క్షేమంగా తిట్టే చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? "ప్రభువా, ఈ ఇంటి యజమానిని చూడు. నీ ఎదుట సాక్ష్యం చెప్పిన నోటితో తాగుతున్నాడు. అతని వేషం తీసివెయ్యి తండ్రీ" అన్నాను. గొంతు కూడా వణికించాను. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ అతనూ అన్నాడు. అది గుర్తొస్తే నా నోరు నాకే కంపు కొడుతుంది.

బయట ఒక సంఘ పెద్ద నా భుజం తట్టాడు. "మంచిగ కడిగినవ్ తమ్మీ. సత్యం సత్యమే గద!" సిగ్గులేకుండా పొంగిపోయాను.

ఆ ఇంటి తమ్ముడి భార్య నేను చెప్పులు వేసుకునేదాకా ఆగింది. "దేవునికి తెల్వదనుకున్నవా అన్నా, గంత గట్టిగ చెప్పినవ్? గా మాట మా ఆయన చెయ్యి పట్టుకొని గా వైన్స్ కాడనే అనకపోయినవా?"

మరుసటి శుక్రవారం ఆ తలుపుకు తాళం. ఆదివారం వెళ్తే అతను గడప మీద కూర్చుని ఉన్నాడు.

"తమ్మీ, నా మాట కటువైంది. కని నువ్వు తాగింది నిజమే గద" అన్నాను.

"నిజమే అన్నా. సగం తప్పు నీది, సగం నాది అని తెంపుకపోదామని వచ్చినవా? ఈడ గూడ బేరమేనా?" అన్నాడు. "ఆరు నెలల్ల గా ఒక్క దినమే తాగిన. ఎవరన్న వచ్చి పక్కన నిలబడితే గ్లాసు పారబోస్త అనిపించింది. నువ్వచ్చినవ్. చూసి పోయినవ్."

క్షమించమని అప్పుడైనా అడగవలసింది. నా దగ్గర ఆ మాట తప్ప మిగతా మాటలన్నీ ఉన్నాయి. బండి తీసుకుని వచ్చేశాను.

ఇక దాపరికం లేకుండా చెబితే, నాకు మిగిలింది సూటిగా మాట్లాడతాడన్న పేరు. అతను మళ్లీ ఏ కూటానికీ రాలేదు. ప్రార్థనకని ఎవరు వెళ్లినా అతని భార్య తలుపు తీయడం లేదు. అతను తాగుతున్నాడో, మానాడో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.