ఆరు కోళ్ళూ ఒక ముద్రా

జావా ఉత్తర తీరాన ఆల్చిప్పలేరుకుని బతికేవాళ్ళలో సుమిరా ఒకతె. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నడుము వంగింది కానీ నోరు వంగలేదు. ఆమె నలభై ఏళ్ళుగా నడిచిన సముద్రపు దారికి అడ్డంగా ఒక హోటలువాళ్ళు ఇనుప కంచె కట్టి, గేటు పెట్టి, కాపలావాణ్ణి కూర్చోబెట్టారు. దారి లేకపోతే ఆల్చిప్పల్లేవు, అవి లేకపోతే ఆమె పొయ్యి వెలగదు.

ముగ్గురు అధికారుల్ని కలిసింది. ముగ్గురూ తీయటి టీ పోసి పంపించారు. చివరికి పట్నం నుంచి వచ్చిన లాయరమ్మ దేవంతి, "ఈ చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి పెట్టుకున్న మానవ హక్కుల సంఘం ఒకటుందమ్మా, జకార్తాలో. ఊరంతా ఒక్క మాట మీదుంటే అర్జీ పెడదాం" అంది.

ఆ ఒక్క మాట దగ్గరే చిక్కొచ్చింది. లోకంలో చేతులెత్తి లెక్కపెట్టుకునే ఊళ్ళున్నాయి, పెద్దమనిషి దగ్గితే అదే తీర్పనుకునే ఊళ్ళూ ఉన్నాయి. ఇక్కడ చేతులెత్తడం సిగ్గుమాలిన పని. ప్రతి తలా ఊగాలి. అప్పుడే, సభ పిలిచినవాళ్ళు వండి మధ్యలో పెట్టిన పసుపన్నం గోపురం కొన కోస్తారు. ఒక్క తల ఊగకపోయినా కోయరు. ఒప్పుకోనివాడి మనసు చల్లబడాలని, ఆ గోపురాన్ని వేపుడు కోడితో సహా వాడింటికే పంపుతారు.

సుమిరా పెనిమిటికి అన్న జుమాది వరసగా ఆరు సభల్లో ఒప్పుకోలేదు. ఆమె పెంచుకున్న ఆరు కోళ్ళూ ఆయనింటికే పోయాయి. ఆరోదాని వెనకే ఆమె కూడా వెళ్ళింది.

"ఎందుకు బావగారూ ఈ మొండితనం?"

"పిచ్చిదానా, ఆ సంఘంలోనూ మన పద్ధతేనటే. అన్ని దేశాలూ తలూపాలి. మన సర్కారు మనిషీ అందులోనే కూర్చున్నాడు. దొంగ సరేనంటేనే దొంగతనం రాసుకునే ఠాణా అది!" అన్నాడు జుమాది, కోడికాలు కొరుకుతూ.

మాటలో తప్పు లేదు. ఆమె ఒళ్ళు మండిందీ అందుకే.

"ఈ ముక్క మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"మొదటి రోజు కోడి బాగా కుదిరింది."

ఏడో సభకి ఆమె ఖాళీ వెదురు తట్ట తెచ్చి మధ్యలో పెట్టింది.

"అన్నమేదే?" అన్నాడు జుమాది.

"తలలూగాక వండుతా."

జుమాది అరగంట సేపు ఆ తట్టకేసి చూశాడు. తర్వాత తలూపాడు.

అర్జీ రాయబోయి దేవంతి కలం ఆపింది. "ఆయనన్నదీ నిజమేనమ్మా. జవాబు రాకపోవచ్చు. పైగా, పెద్ద చోటికి వెళ్ళారుగా, అక్కడే తేల్చుకోండని ఇక్కడి ఆఫీసులు చేతులు దులుపుకోవచ్చు. పెడదామా, వద్దా? మీరే చెప్పాలి."

సుమిరా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఒక్క బావగారి తలకే ఆరు కోళ్ళు పట్టాయి. అన్ని దేశాల తలలకీ నేనెక్కడ తేను? వాళ్ళు తలూపకపోతే పోనీ. అందిందని ముద్ర వేస్తారా?"

"వేయించుకొస్తా."

"అయితే పెట్టు."

పదహారో రోజున ఊదారంగు ముద్ర పడిన నకలు చేతికొచ్చింది. సుమిరా దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గంప నెత్తినెత్తుకుని గేటు దగ్గరికి వెళ్ళింది. కాపలావాడు ముద్ర చూసి లేచి నిలబడ్డాడు.

"ఇదేంటి పిన్నీ?"

"అన్ని దేశాల సంఘానిది. నన్నాపాలో వదలాలో నువ్వే తేల్చు."

"అమ్మో, నేనెవర్ని తేల్చడానికి! పైవాళ్ళనడగాలి" అంటూ వాడు ఫోను పట్టుకుని సిగ్నలు కోసం రోడ్డు దాకా పోయాడు. గేటు తెరిచే ఉంది.

ఆమె గంప నింపుకుని వచ్చేసరికి వాడింకా ఫోనులోనే ఉన్నాడు. పైవాళ్ళు ఇంకా పైవాళ్ళని అడుగుతున్నారట. మర్నాడూ అంతే. జకార్తా నుంచి జవాబు రాలేదు. వర్షాలు పడ్డాయి, వెలిశాయి. సుమిరా రోజూ పొద్దున్నే వెళ్ళి ముద్ర చూపిస్తుంది. వాడు రోజూ రోడ్డు దాకా వెళ్ళి అడుగుతాడు.