రేకు పిడి పాలజగ్గు

ఇన్నేళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు పాత ఇంగ్లీషు పింగాణీ పిచ్చి. బాగున్నవి కాదు. విరిగినాక ఎవరో చేతికి దొరికినదాంతో బాగుచేసుకున్నవి. ఇత్తడి తీగతో కుట్టిన పళ్లెం, తగరం మూతి తొడిగిన టీ కెటిల్. రబ్బరు తోటల దొరలు వదిలేసి పోయినవి. మలేసియాలో, సుంగై పెటానిలోని మా ఇంట్లో, వాన పడుతుంటే వాటి ముందు కూచుంటాను. పళ్లెం మీద బొమ్మలో నీలం చెట్లు, నీలం వంతెన, దాని మీదుగా తీగ కుట్లు. ఆ వంతెన మీద నేనే నడిచిపోతున్నట్టుంటాది.

కువాలా సెలంగోర్‌లో మా పిన్ని దగ్గర ఒక పాలజగ్గు ఉండేది. పిడి విరిగిందని దొర బంగళాలో పారేస్తే తెచ్చుకున్నారు. తోట వర్క్‌షాపులో పనిచేసే మా బాబాయి దానికి రేకు పిడి బిగించినాడు. ఆయన పోయాక పిన్ని రోజూ ఆ పిడి పట్టుకునే టీలో పాలు పోసుకునేది.

అడిగితే ఇవ్వదు. అడగలేదు. నేను వాళ్లింట్లో ఉండగా, అందరూ గుడికి పోయిన ఒక ఎండపూట, ఇల్లంతా నిద్రలో ఉన్నట్టుంది. నా చేతులు నావి కానట్టు కదిలినాయి. జగ్గుని చీరలో చుట్టి సంచిలో పెట్టినాను. ఎందుకు? నా అలమరలో అలాంటిది లేదని. అంతేనా? అంతే.

సాయంత్రం పిన్ని వెతికింది. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు పద్మ మీద పడింది.

"పగలగొట్టి పారేసినావు కదే?"

"నాను ముట్నేదత్తా!" పద్మ నావేపు తిరిగింది. "వదినా, నువ్వైనా సెప్పు."

చెప్పినాను. "పోనీలే పిన్నీ, సిన్నపిల్ల. తెలీక సేసుంటాది."

దొంగతనం కన్నా ఆ మాటే పెద్ద తప్పు. ఎంత మెత్తగా అన్నానో! ఆ మెత్తదనంతోనే నేరం ఆమెదని తేల్చేసినాను. పిన్ని మంచం పట్టినాక ఒళ్లు తుడిచింది, అన్నం తినిపించింది పద్మే. అయినా టీ మాత్రం పిన్ని పక్కింటావిడ చేతే కలిపించుకునేది. పోయేదాకా అంతే.

పద్మ ఇప్పుడు క్లాంగ్‌లో ఉంటాది. మొన్న దీపావళికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నా తరపున మాటాడింది నువ్వొక్కదానివే వదినా" అంది. జగ్గు పక్కగదిలోనే ఉంది. నేను నవ్వినాను. తినడానికి మురుకులు పెట్టినాను.

చెప్తే ఆమెకి ఆ ఒక్క ఊరటా పోతాదని ఊరుకున్నాను అనుకుంటాను. అది ఆమె మీద జాలా, నా మీద నాకున్న జాలా? తేల్చుకోలేను.

పద్మ పగలగొట్టలేదు. నేనే తీసినాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.