కడగని ఒక్క కవరు

"చిన్నమ్మా, కవర్లకు యాడన్నా నీళ్లు తగిలినాయా?"

"లేదు మే. నువ్విచ్చినేవి ఇచ్చినట్టే వాడితి."

మా అక్క కూతురు లలితా, నేనూ ఆఖరున మాట్లాడుకున్న మాటలివి. ఆమె బతికే ఉంది. నేనూ బతికే ఉన్నాను. మేం పోట్లాడుకోలేదు. ఆ అబద్ధం చెప్పాక ఆమె ఎదుట పడే మొహం నాకు లేకపోయింది, అంతే. పెళ్లిళ్లలో ఆమె పందిట్లో ఉంటే నేను వంటల దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. పదకొండేళ్లు అట్లా గడిపాను. ఇది గుండెల మీద రోలు పెట్టుకుని పడుకోవడమే. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నాకు సంతకం పెట్టేంత వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే లలిత చెల్లెలు రేవతి రాస్తోంది. ఏం రాయబోతోందో ఆ పిల్లకు ఇంకా తెలియదు.

మా ఆయన పోయాక ప్రొద్దుటూరులో ఓళిగలు చేసి అమ్ముకుని బతికాను. బొబ్బట్లు అంటారు కొందరు. కొనేవాళ్లంతా శెట్ల ఇళ్లవాళ్లే. వాళ్లూ మేమూ నీసు ముట్టం. చేపలు వండిన వీధిలో నడవాల్సి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే రకం నేను. ఓళిగకు ఆయుష్షు తక్కువ. నాలుగైదు రోజులకే అంచున తెల్లగా బూజు వస్తుంది.

కడపలో కాలేజీకి పోయే లలిత సరిగ్గా దీని మీదే పనిచేసేది. ప్లాస్టిక్ కవరు లోపలి వైపు ఒక పూత పూస్తే అందులో పెట్టిన తిండికి తొందరగా బూజు రాదని, తిండిలో ఏ మందూ కలపక్కర్లేదని చెప్పేది. సముద్రం వైపు ఊళ్లలో చెత్త కింద పారబోసే రొయ్యల పొట్టు నుంచి పొడి తీసి, దానికి లవంగ నూనె కలిపి ఆ పూత చేసింది. కాలేజీ గదిలో బాగా నిలిచింది. మామూలు వంటింట్లో కూడా నిలిస్తే పై చదువుకు సీటు ఇప్పిస్తానన్నాడట వాళ్ల సారు. అందుకు నా వంటిల్లు అడిగింది.

నన్ను మభ్యపెట్టలేదు. "ముందే చెప్తాండా చిన్నమ్మా, ఇది రొయ్య పొట్టుది. నీకు మనసొప్పకపోతే వద్దను. నేను ఇంగ యాడన్నా చూసుకుంటా" అంది. దానికేముంది, పెట్టుకోమన్నాను. ఎందుకన్నాను? మా ఆయన పోయినప్పుడు లలిత వాళ్లమ్మే నన్ను జమ్మలమడుగుకు తీసుకుపోయి ఆర్నెల్లు సాకింది. ఆ విశ్వాసం ఒకటి. చదువుకున్న పిల్ల ముందు పెద్ద మనసు దాన్ని అనిపించుకోవాలనే యావ ఇంకొకటి. ఆ రోజు వద్దని ఉంటే ఆమె ఇంకో ఇల్లు చూసుకునేది. ఇంత జరిగేది కాదు.

పది పూత కవర్లు, పది ఉత్త కవర్లు. పూత ఉన్నవాటికి గుర్తుగా ఎర్ర దారం కట్టింది. ఎట్లా మూయాలో చూపించడానికి ఒక పూత కవర్లో రెండు ఓళిగలు పెట్టి తన చేత్తోనే మూసి అరలో పెట్టింది. మిగతావి నన్ను నింపమని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది. ఏ కవర్లో బూజు ఏ రోజు కనబడితే ఆ రోజు క్యాలెండర్లో ఒక గీత గీయాలి. అంతే నా పని.

ఆమె అట్లా పోగానే ఓళిగలకని శెట్టమ్మ ఒకామె వచ్చింది. "ఏంది మే, నీ ఓళిగలకు పన్నునొప్పి పట్టిందా? లవంగం వాసనొస్తాంది" అంది. నవ్వాను. ఈ రోజు లవంగం అంది, రేపు ఇంకేముందని అడిగితే? రొయ్య అనే మాట బయటికి పోతే నా గడప ఎవరు తొక్కుతారు? ఆ భయంతోనే చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం అబద్ధం. భయం కంటే ముందు నాకే రోత పుట్టింది. నా చేతి ఓళిగ దానికి తగలడం నాకే పడలేదు.

చింతపండు నానబెట్టాను. లలిత మూసిపోయిన దాన్ని కదపకుండా, మిగిలిన తొమ్మిది పూత కవర్లనూ ఇత్తడి బిందె తోమినట్టు తిరగేసి రుద్ది కడిగాను. మసకగా ఉండే కవర్లు తళతళలాడాయి. నీసు పోయిందనుకున్నాను. పూత పోతుందని తట్టలేదా? తట్టింది. కొంతన్నా మిగులుతుందిలే అనుకున్నాను. ఆరబెట్టి, ఓళిగలు నింపి, విప్పిన ఎర్ర దారాలు మళ్లీ కట్టాను. మళ్లీ కట్టాను చూడండి, దొంగనయింది అక్కడే.

ఐదో రోజుకు అన్నింటికీ బూజు వచ్చింది, దారం ఉన్నవాటికీ లేనివాటికీ. లలిత మూసిపోయిన ఒక్క కవరు తప్ప. పదో రోజు కూడా అది అట్లాగే ఉంది. విప్పి వాసన చూశాను. నిన్న చేసిన ఓళిగలాగా ఉంది.

నోరు విప్పాల్సింది అప్పుడు. ఆ పిల్ల చేసింది నిజమని నాకు తెలిసిపోయింది. కానీ తొమ్మిది చెడి ఒకటి నిలిచిందంటే ఎందుకని అడుగుతుంది. ఓళిగలు వీధిలో ఆవుకు వేశాను. కవరును పొయ్యిలో పెట్టాను. కడగడం పిచ్చిదాని పని అనుకోవచ్చు. కాల్చడం అట్లా కాదు. అది తెలిసి చేసింది.

మర్నాడు లలిత వచ్చింది. పదో కవరు ఎలుక ఈడ్చుకుపోయిందని చెప్పాను. మిగతావాటిని ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. అప్పుడే ఆ నీళ్ల మాట అడిగింది. నా జవాబు విని తలూపి, కవర్లు సంచిలో సర్దుకుని పోయింది.

ఆ సీటు ఇంకొకరికి పోయింది. లలిత చదువు మానేసింది. ఇప్పుడు పులివెందులలో ఒక మందుల అంగట్లో పనిచేస్తోంది. అదేం తక్కువ పని కాదని, మొగుడూ బిడ్డతో చల్లగానే ఉందని నాకు నేను చెప్పుకున్నాను. గట్టి పూతైతే చింతపండుకు పోతుందా అని కూడా అనుకున్నాను. ఎన్ని అనుకున్నానో.

పోయిన వారం రేవతి నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏదో మాటలో మాటగా చెప్పింది. లలిత కూతురు, కాలేజీ ఎందుకు మానేశావని వాళ్లమ్మను అడిగిందట. "నా చేతికి ఆ పని రాలేదు మే" అందట లలిత.

ఆ చేతికి వచ్చు. ఆ చేత్తో మూసిందే నిలిచింది. అది చూసినదాన్ని భూమ్మీద నేనొక్కదాన్నే. పదకొండేళ్లు ఆమె తన చేతిని అనుమానించుకుంటుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

క్షమించమని ఎవరినీ అడగను. ఆ మాట అడిగే హక్కు కవరుతో పాటే కాలిపోయింది. చెప్పినందువల్ల ఆమెకు ఆ ఏళ్లు తిరిగి రావు. కాకపోతే ఇన్నాళ్లూ మింగలేక కక్కలేక గొంతులో పెట్టుకున్నది ఇప్పుడు బయట ఉంది. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మాత్రం కూడా నాకు ఎక్కువే.

రేవతీ, యాల మే పెన్ను ఆపినావు? నా మొకం చూడొద్దులే, రాయి. రేపు ఈ కాగితాలు పులివెందులకు తీసుకపోయి మీ అక్క చేతికియ్యి. ఆ తర్వాత యాడికి పంపిచ్చాల్నో ఆయమ్మే చెప్తాది. చిన్నమ్మ కదా అని ఒక మాట తగ్గించి రాసినావో, కడుపు మండి ఒక మాట పెంచి రాసినావో, చదువు రానిదాన్ని, నాకెట్ల తెలుస్తాది? మొదుట్నుంచి చదువు మే. నిదానంగా చదువు, నేనింటా.