మోతను బట్టి మూతను పట్టేసిన అమ్మ

పాత తలుపు చెక్కతో, చర్చివాళ్లు తీసేసిన గిటార్ తీగలతో నెల రోజులుగా తర్లుపాడులో మా ఇంట్లోనే ఒక గిటార్ తయారు చేస్తున్నాను. శబ్దం గట్టిగా రావాలని మధ్యలో ఒక సత్తు మూత బిగించాను. అమ్మను అడగకుండా వంటింట్లోంచి తీసిన మూత అది. రంగు వేశాను కాబట్టి తెలియదనుకున్నాను.

ఈ సాయంత్రం మొదటిసారి వాయించాను. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తింది.

"అది మా అమ్మ ఇచ్చిన గిన్నె మూత గదరా?"

"ఎట్ల తెలిసిందమ్మా?"

"ముప్పై ఏండ్ల నుంచి నా చేతిలోంచి జారి పడతానే ఉండాది. దాని మోత నాకు తెలీదా?"

తిడుతుందనుకున్నాను. లోపలికి వెళ్లి ఆ గిన్నె కూడా తెచ్చి నా ముందు పెట్టింది.

"మూత లేకుండా ఇదెందుకు? దీన్ని గూడ మోగించు."

గిన్నెతో ఏం చేయాలో తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి. అమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది.